ఉస్తాద్‌కు వాసన తెలియని ఏడాది

2002లో నేను దుబాయ్‌లో దిగేసరికే ఆ హోటల్ వయసు పాతికేళ్లు దాటింది. డేరా అనే పాత పేటలో, క్రీక్ కాలువకు రెండు వీధుల వెనక ఉండేది. కింద రెస్టారెంట్, దాని మీద బార్, ఆ పైన అద్దె గదులు. బార్‌కు మెట్లు పక్క సందులోంచి వేరుగా ఉండేవి. చుట్టూ అద్దాల భవనాలు లేస్తున్నా మా హోటల్ మాత్రం గోడల మీద ఏసీ నీళ్ల చారలతో, మసిబారిన బోర్డుతో అలాగే ఉండేది. తెరిచిన ఏడాది నుంచీ ఇక్కడే తింటున్నామని చెప్పుకునేవాళ్లు పదిమందైనా ఉండేవారు. అందులో ఒక బట్టల వ్యాపారి ప్రతి శుక్రవారం జుమా నమాజు కాగానే వచ్చి గోడవారన ఉన్న ఒకే బల్ల దగ్గర కూర్చునేవాడు. ఆ బల్ల ఖాళీ లేకపోతే నిలబడి ఎదురుచూసేవాడు తప్ప ఇంకోచోట కూర్చునేవాడు కాదు.

పైన బార్‌లో పాటల బృందం ఉండేది. ఇద్దరు గాయనులు, కీబోర్డు వాయించే ఆయన, తబలా, డ్రమ్స్. తెలుగు, హిందీ, మలయాళం పాత సినిమా పాటలు పాడేవాళ్లు. మధ్యాహ్నం మూడింటికి వాళ్లు సాధన మొదలుపెడితే పొగగొట్టంలోంచి ఆ పాట మా వంటింట్లోకి దిగేది. ఒకే చరణాన్ని పదిసార్లు పాడితే పదిసార్లూ మేము వినాల్సిందే. రంజాన్ నెలలో పాటలు ఉండవు. ఆ నెలంతా వంటిల్లు చెవుడొచ్చినట్టు ఉండేది.

ఆ వంటింటికి పెద్దను అందరం ఉస్తాద్ అనేవాళ్లం. హైదరాబాద్ పాతబస్తీ మనిషి. హోటల్ తెరిచిన మూడో ఏట వచ్చాడట, మళ్లీ ఇంకో వంటింటి ముఖం చూడలేదు. నేను చేరేనాటికి ఆయనకు అరవై దగ్గర పడుతున్నాయి. సన్నటి మనిషి, గడ్డం తెల్లబడింది, ఐదు పూటలా నమాజు తప్పేవాడు కాదు. బార్‌కు వెళ్లే వేపుళ్లన్నీ తనే చేసేవాడు కానీ అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ మెట్లెక్కలేదు. అదేమిటని అడిగితే, వండేది తన పని, ఎవరు దేంతో తింటారో అది వాళ్లకూ అల్లాకూ మధ్య సంగతి అనేవాడు.

నాది రాయచోటి. ఊళ్లో పెళ్లిళ్లకు వండేవాణ్ని. ముప్పై రెండేళ్ల వయసులో ఆయన కింద చేరితే మొదటి ఏడాదంతా ఉల్లిపాయలు తరగడం, మాంసం కడగడం తప్ప ఇంకో పని ఇవ్వలేదు. మసాలాలు కలిపే వేళకు ఏదో ఒక పని చెప్పి బయటికి పంపేవాడు. ఆ దినుసుల పాళ్లు ఎవరికీ చెప్పేవాడు కాదు. కానీ మూకుడు ముందు నిలబడి ఆయన ముక్కుతో వంట చేయడం చూశాను. గరిటె నోట్లో పెట్టడం అరుదు. ఆవిరి మీదికి వంగి, కళ్లు మూసుకుని, ఇంకో రెండు నిమిషాలు అనేవాడు. రెండు నిమిషాలకు సరిగ్గా దిగేది.

ఆ రోజుల్లో మా వంటింట్లోకి స్వేచ్ఛగా వచ్చే బయటి మనిషి ఆ ఇద్దరు గాయనుల్లో ఒకామె మాత్రమే. తెనాలి వైపు అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయి. మధ్యాహ్నం సాధనకు ముందు వెనక తలుపు దగ్గర స్టూలు వేసుకుని అన్నం తినేది. గొంతు పోకుండా మెడకు నీలగిరి తైలం రాసుకునేది. ఆ వాసన ఉస్తాద్‌కు గిట్టదు. ఆమె ఇంకా సందులో ఉండగానే, పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండా కేక వేసేవాడు, ఆ నూనె పూసుకుని నా వంటింట్లోకి రావద్దని. ఆమె నవ్వుతూ గుమ్మం బయటే కూర్చునేది. ఇద్దరికీ అదొక ఆట.

2005 చివర్లో, చలికాలంలో ఉస్తాద్‌కు జ్వరం వచ్చింది. వారం రోజులు గదిలోంచి లేవలేదు. తిరిగి వచ్చాక కాస్త చిక్కాడు గానీ మాట, నడక అన్నీ మామూలే. పది రోజుల తర్వాత ఒక ఉదయం నేను బియ్యం కడిగి లోపలికి వచ్చేసరికి వంటింటి నిండా మాడు వాసన. మూకుట్లో ఉల్లిపాయలు నల్లబడుతున్నాయి. ఆయన వాటికి మూరెడు దూరంలో నిలబడి కొత్తిమీర తరుగుతున్నాడు.

"ఎర్రగడ్డలు మాడతాండాయి ఉస్తాద్" అన్నాను.

ఆయన తిరిగి చూసి, మూకుడు దించి చెత్తలో గుమ్మరించాడు. ఏదో ఆలోచనలో ఉన్నాడనుకున్నాను. మర్నాడు మాంసం వచ్చింది. ఎప్పటిలాగే ఆయన ముక్క తీసి ముక్కు దగ్గర పెట్టుకుని బాగుందన్నాడు. నాకు నాలుగడుగుల దూరానికే అది చెడిన వాసన కొట్టింది. సరుకు తెచ్చినవాడు వెళ్లిపోయేదాకా ఆగి ఆ మాట చెప్పాను. ఆయన చేతిలో ముక్క అలాగే పట్టుకుని గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తలుపు వేశాడు.

"జ్వరం పోయినంక ఏం వాసన తెల్వట్లే బేటా. ఉప్పు తెలుస్తది, పులుపు తెలుస్తది. వాసన అయితే ఖలాస్. అత్తరు సీసా మూత దీసి పెట్టుకున్న, నీళ్ల లెక్కనే ఉంది."

డాక్టరుకు చూపిద్దామన్నాను. చూపించుకున్నాడట. కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు అన్నాడట డాక్టరు. ముదీర్‌కు, అంటే మా మేనేజర్‌కు, మాత్రం తెలియకూడదన్నాడు. మా ముదీర్ చెడ్డవాడు కాదు గానీ లెక్కగా ఉండే మనిషి. ముక్కు పనిచేయని వంటవాణ్ని ఉంచుకోడు, వీసా రద్దు చేసి పంపేస్తాడు. ఉస్తాద్ భార్య పోయి అప్పటికి ఆరేళ్లయింది. హైదరాబాద్‌లో కొడుకు ఇంట్లో తనకు మంచం ఉంది, మర్యాద ఉంది, పని లేదు. అక్కడికి సెలవుకు వెళితే నాలుగో రోజు నుంచే ఈ పొయ్యిలు గుర్తొస్తాయని ఒకసారి తనే చెప్పాడు.

ఆ రోజు నుంచి నేను ఆయన ముక్కునయ్యాను. మాంసం నేను చూసేవాణ్ని. పాలు నేను చూసేవాణ్ని. ఆయన మూత తీస్తే నేను పక్కనుంచి వంగి వాసన పట్టి, వేగిందనో వేగలేదనో చెవిలో చెప్పేవాణ్ని. గ్యాస్ విషయం కూడా అప్పుడే మాట్లాడుకున్నాం. ఉదయం పొయ్యిలు నేనే ముట్టించాలి. నేను వచ్చి వాసన చూసేదాకా ఆయన వంటింట్లో అగ్గిపుల్ల గీయకూడదు. ఆయన తలూపాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. నేను నోరు మూసుకున్నది దయతో మాత్రమే కాదు. వాసన తెలియకపోయేసరికి మసాలాలు సరిగా పడ్డాయో లేదో ఆయనకు తెలిసే మార్గం లేకుండా పోయింది. దాంతో మూడేళ్లుగా నా దగ్గర దాచిన పాళ్లన్నీ ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. షాజీరా ఎంత వేయించాలి, బిర్యానీకి జాపత్రి ఎంత, సాలన్‌లో నువ్వులు ముందా కొబ్బరి ముందా. ఆయన చెప్పేవాడు, నేను కలిపి వాసన చూసి ఎలా ఉందో మాటల్లో చెప్పేవాణ్ని. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. ఇంకా కొంచెం తీపి రావాలి, ఏలకి తక్కువైంది అనేవాడు. వాసన చూడకుండా నా మాటల్లోంచే తప్పు పట్టుకునేవాడు. నా బతుకులో అంత సంతోషంగా పని నేర్చుకున్న రోజులు లేవు. ఆయన ముక్కు బాగుపడితే ఈ చదువు ఆగిపోతుందేమోనన్న ఆలోచన నాకు ఒకటి రెండుసార్లు వచ్చింది. వచ్చిందని ఒప్పుకుంటున్నాను.

తినేవాళ్లు ఎవరూ పసిగట్టలేదు. బట్టల వ్యాపారి శుక్రవారం వచ్చి తిని, ఎప్పటిలాగే చేయెత్తి సలాం చెప్పి వెళ్లేవాడు. పసిగట్టింది గాయని. ఆమె నీలగిరి తైలంతో నేరుగా పొయ్యిల దాకా వచ్చినా ఉస్తాద్ కేక వేయడం మానేశాడు. మొదట్లో జ్వరం వల్ల నీరసమనుకుందట. తర్వాత ఒక రోజు కావాలనే అరచేతి నిండా తైలం పోసుకుని ఆయన పక్కన నిలబడి కబుర్లు చెప్పింది. ఆయనకు తెలియలేదు. ఆ మధ్యాహ్నం నన్ను సందులోకి పిలిచి అడిగింది. అబద్ధం చెప్పలేకపోయాను.

"ఇది రుచి సంగతి కాదు అన్నయ్యా, గ్యాస్ పొయ్యిల దగ్గర పని" అంది. "మీరు చెప్పకపోతే నేనే మేనేజర్‌తో చెప్తాను. ఆయన నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు."

నేను ఆమెను బతిమాలాను. జూలైలో ఆయన సెలవుకు వెళతాడు, అక్కడే ఉండిపొమ్మని నేనే నచ్చజెబుతాను, పరువుగా వెళ్లనివ్వు అన్నాను. పొయ్యిలు నేనే ముట్టిస్తున్నానని, నేనుండగా ఏమీ కాదని చెప్పాను. ఆమె చివరికి సరేనంది.

ఆయన జూలైలో వెళ్లి నెల తిరక్కుండానే తిరిగి వచ్చేశాడు. నేను నచ్చజెప్పలేదు. వెళ్లేముందు ఆయన తన పెట్టె సర్దుకుంటుంటే రెండుసార్లు నోటిదాకా వచ్చింది, అనలేకపోయాను. గాయని అడిగితే, మళ్లీ మాట్లాడతానన్నాను.

సెప్టెంబరులో ఒక సాయంత్రం మూడో పొయ్యి దగ్గర నాకు గ్యాస్ వాసన తగిలింది. చాలా తక్కువ, వచ్చీ రానట్టు. వంగి చూస్తే రబ్బరు పైపు క్లిప్పు వదులైంది. పైపు కూడా అక్కడక్కడా పగుళ్లు విచ్చి ఉంది. క్లిప్పు బిగించాను. వాసన పోయింది. పైపు మార్చాలని ముదీర్‌కు చెబుదామనుకున్నాను. అప్పటికి ఆయన వెళ్లిపోయాడు. మర్నాడు మధ్యాహ్నందాకా నాకు సెలవు. అజ్మాన్‌లో ఉండే మా ఊరివాడికి కొడుకు పుట్టాడని రమ్మన్నాడు. వచ్చాక చెప్పొచ్చులే అనుకుని బస్సెక్కాను. వెళ్లేముందు ఉస్తాద్‌తో ఒకటే అన్నాను, రేపు నేను వచ్చేదాకా పొయ్యి ముట్టించొద్దు, ఉదయం ఏడింటికల్లా ఉంటానని. సెలవు మధ్యాహ్నందాకా ఉన్నా ఈ ఒక్క పని కోసం పెందరాళే వస్తానని. పైపు సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే రాత్రంతా దాని గురించే ఆలోచిస్తాడనుకున్నాను.

ఉదయం ఐదున్నరకు అజ్మాన్‌లో బయలుదేరాను. షార్జా దాటేచోట బండ్లు నిలిచిపోయాయి. ఆ రోడ్డు మీద అది రోజూ ఉండేదే, ఆ రోజు మరీ ఎక్కువ. ఏడు దాటింది, ఏడున్నర దాటింది. వంటింటి ఫోన్‌కు చేశాను, ఎవరూ ఎత్తలేదు. సరుకు దింపుకోవడానికి సందులోకి వెళ్లి ఉంటారనుకున్నాను. ఇంకెవరికైనా చేసి, ఉస్తాద్‌ను పొయ్యి దగ్గరికి వెళ్లనివ్వొద్దని చెప్పొచ్చు. చెబితే ఎందుకని అడుగుతారు. చేతిలో ఫోన్ పట్టుకుని అలాగే కూర్చున్నాను.

ఆ రోజు మధ్యాహ్నానికి ఒక కంపెనీవాళ్లకు బిర్యానీ ఆర్డరుంది. ఉస్తాద్ ఏడు నుంచి ఏడున్నర దాకా గుమ్మం బయట స్టూలు మీద కూర్చున్నాడని వడ్డించే సప్లయర్లు తర్వాత చెప్పారు. గడియారం చూసుకుంటూ కూర్చున్నాడట. చివరికి లేచి లోపలికి వెళ్లాడు. నాకోసం ఎదురుచూస్తున్నాడని వాళ్లకు తెలుసు. ఎందుకో తెలియదు.

నేను వెళ్లేసరికి వీధి మలుపులో జనం, ఎర్ర బండి, తడిసిన రోడ్డు. రెస్టారెంట్ అద్దాలు పగిలి ఫుట్‌పాత్ మీద పడి ఉన్నాయి. మంట పెద్దగా లేదు, వంటింటి దాకానే ఆగింది. ఇంకెవరికీ దెబ్బ తగల్లేదు. ఉస్తాద్‌ను అప్పటికే ఆసుపత్రికి తీసుకెళ్లారు. వెనక తలుపు దగ్గర స్టూలు పక్కకు ఒరిగి పడి ఉంది. గాయని సందు గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

ఆయన పదకొండు రోజులు బతికాడు. మొదటి నాలుగు రోజులు లోపలికి పోనివ్వలేదు. ఐదో రోజు వెళ్లినప్పుడు ముఖం, చేతులు కట్లతో ఉన్నాయి. కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. నేను వంగితే చాలా మెల్లగా మాట్లాడాడు.

"పోలీసులు అడిగితే నాకు వాసన తెల్వదని చెప్పకు. బేపర్వాగ చేసిండు అనుకోనీ. ముక్కు లేని వంటోడు అనొద్దు."

అట్లనే అన్నాను. నేను ఆలస్యమయ్యానని క్షమాపణ అడగబోతే కళ్లు మూసుకున్నాడు. విన్నాడో లేదో తెలియదు.

విచారణకు వచ్చిన అధికారి మాటలను ఒక పాకిస్తానీ ఉద్యోగి ఉర్దూలో చెప్పాడు. పెద్దాయన గ్యాస్ వాసన ఎందుకు పట్టలేదని అడిగారు. తెలియదన్నాను. అది ఉస్తాద్ అడిగిన అబద్ధం. తర్వాత, ముందు రోజు నీకేమైనా వాసన వచ్చిందా అని అడిగారు. రాలేదన్నాను. ఈ రెండోది చెప్పమని ఉస్తాద్ అడగలేదు. అది నాకోసం నేను చెప్పుకున్నది. కాగితం మీద వంటవాడి అజాగ్రత్త అని రాసుకున్నారు. నేను సంతకం పెట్టాను.

ఆయనను దుబాయ్‌లోనే ఖననం చేశాం. కొడుకుకు వీసా సమయానికి అందలేదు. మేము ఎనిమిదిమంది ఉన్నాం, బట్టల వ్యాపారి కూడా వచ్చాడు. ఎండ బాగా ఉంది. వ్యాపారి నా పక్కన నిలబడి, అంత అనుభవమున్న మనిషి ఇలా ఎలా చేశాడని తనలో తను అనుకున్నట్టుగా అన్నాడు. నేను చేతిలో మట్టి తీసుకున్నాను.

వారం తర్వాత గాయని నన్ను కలవడానికి మా గది కిందికి వచ్చింది. అల్ ఐన్‌లో ఇంకో హోటల్‌లో పని చూసుకుందట.

"మీరు ఆగమన్నారు, నేను ఆగాను" అంది. "మిమ్మల్ని ఒక్కళ్లనే అనటం లేదన్నయ్యా. కానీ ఆ వంటింటి పైన నిలబడి ఇంక పాడలేను."

ఆమెను మళ్లీ చూడలేదు.

రెండు నెలల్లో వంటిల్లు బాగుచేశారు. కొత్త పొయ్యిలు, ఇనుప పైపులు, గ్యాస్ కారితే మోగే యంత్రం. ముదీర్ నన్ను పిలిచి, నీకు ఆయన చేతి పని వచ్చు కదా, ఇక నువ్వే పెద్ద అన్నాడు. కాదనలేదు. వంటిల్లు మళ్లీ తెరిచిన పొద్దున బిర్యానీ మూత తీసినప్పుడు వచ్చిన వాసన అచ్చం ఆయన ఉన్నప్పటిదే. నా కింద పనిచేసేవాళ్లు బాగుందన్నారు. నేను బయటికి వెళ్లి కాసేపు సందులో నిలబడ్డాను. శుక్రవారం బట్టల వ్యాపారి వచ్చాడు. తిన్నాక నన్ను బయటికి పిలిపించి, రుచి ఏమాత్రం మారలేదని మెచ్చుకున్నాడు. దాదాపు ఏడాదిగా ఆయన తింటున్నది నా ముక్కు తేల్చిన వంటే. ఆ మాట ఎలా చెప్పగలను?

అలా ఇంకో ఏడాదిన్నర నడిచింది. పైన కొత్త బృందం వచ్చింది. వాళ్లలో ఎవరూ వంటింట్లోకి వచ్చేవాళ్లు కాదు. నాకు నిద్ర తగ్గింది. రోజుకు నాలుగైదుసార్లు పైపుల దగ్గర వంగి వాసన చూసేవాణ్ని, యంత్రం ఉన్నా సరే. 2008లో భవనం పాతబడిందని, కూల్చేస్తారని కాగితం అంటించారు. నెల రోజుల్లో బల్లలు, బిర్యానీ వండే డేగ్‌లు, బార్‌లోని పాత స్పీకర్లు అన్నీ ఎవరికో ఇచ్చేశారు. చివరి శుక్రవారం ముప్పైమంది దాకా పాత గిరాకీ వచ్చారు. ఉస్తాద్ గురించి మాట్లాడుకున్నారు. మంచి వంటవాడు, పాపం చివర్లో మతిమరుపు వచ్చిందని ఎవరో అన్నారు. మిగతావాళ్లు నిజమేనన్నారు. వడ్డిస్తూ విన్నాను.

జెబెల్ అలీలో ఒక కార్మికుల క్యాంపు వంటింట్లో పని ఉందన్నారు గానీ నాకు మనసు రాలేదు. ఇంటికి బయలుదేరాను. విమానం హైదరాబాద్‌లో దిగింది. రాయచోటి బస్సుకు సాయంత్రందాకా సమయం ఉంది. ఉస్తాద్ కొడుకు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను.

నలభై ఏళ్ల మనిషి, తండ్రి పోలికే. గడియారాలు బాగుచేసే దుకాణం ఉంది. నేనెవరో చెప్పగానే లోపల కూర్చోబెట్టాడు. భార్య అన్నం పెట్టింది. తినకముందే చెప్పేయాలనుకుని, ఆయనకు వాసన తెలియదని, మేమిద్దరం దాచామని చెప్పాను. అతను తలూపాడు.

"మాకు తెలుసన్నా. ఆ ఏడాది సెలవుకొచ్చినప్పుడు పక్కనే పాలు మాడుతుంటే కూసున్నడు. దవాఖానకు పోదామంటే రాలే. అక్కడోళ్లకు చెప్పొద్దని నాతోని ఒట్టు వేయించుకున్నడు. నేను ఫోన్ చేసి చెప్తే బతికుండేటోడేమో."

రెండేళ్లుగా అతను కూడా నాలాగే ఆ మాట మోస్తున్నాడు. అక్కడితో ఆపేయొచ్చు. అతను నన్ను తప్పు పట్టేలా లేడు. పైగా తనదే తప్పంటున్నాడు. అందుకే ఆపలేకపోయాను. పైపు సంగతి చెప్పాను. ముందు రోజు వాసన వచ్చిందని, క్లిప్పు బిగించి వెళ్లిపోయానని, పోలీసులకు అబద్ధం చెప్పానని అంతా చెప్పాను. అతని భార్య వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

అది మాకు తెల్వదు అన్నాడతను. తర్వాత అన్నం చల్లారుతోంది, తినమన్నాడు. తిన్నాను. చేతులు కడుక్కున్నాక నన్ను స్కూటర్ మీద బస్టాండుకు తీసుకెళ్లాడు. నా సంచి దించి, బస్సు ఏ ప్లాట్‌ఫామ్ మీదికి వస్తుందో కనుక్కుని వచ్చి చెప్పి, స్కూటర్ తిప్పుకుని వెళ్లిపోయాడు. పండగలకు రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మూడోసారి చేయలేదు.